దాసోహము, బాంచను

‘బిడ్డ’ యను మాటకు సంతానమని నిఘంటువు అర్థము చెప్పును. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములవారికి ఈ అర్థము చాలదని తెలియును. అత్తవారింటి నుండి వచ్చిన కూతురిని వాకిట చూచి తల్లి ‘ఎప్పుడొస్తివి బిడ్డా’ యన్నచో అది లాలన. పొలముగట్టు తగవులో ఒకడు మరియొకనితో ‘నీ సంగతి చూస్త బిడ్డా’ యన్నచో అది బెదిరింపు. అక్షరములు మారలేదు, మాటను అంటిపెట్టుకొనియున్న భావము మారినది.

ఆలంకారికులు ఈ సంగతిని ఏనాడో గుర్తించి శబ్దమునకు అభిధ, లక్షణ, వ్యంజన యను మూడు వృత్తులను చెప్పిరి. కోశములో దొరకు అర్థము అభిధ వలన కలుగును. మాట వెంట లేచు తలపులును, అందలి తీపియు చేదును వ్యంజన వలన కలుగును. 9వ శతాబ్దిలో ఆనందవర్ధనుడు కావ్యమునకు ఈ ధ్వనియే ప్రాణమని నిరూపింపబూనెను. కావ్యము మాట అటుంచి, ధర్మబోధ చేయువారికి ఈ జ్ఞానము మరింత అవసరము. శ్రోత తాను వినిన మాటకు తన జ్ఞాపకములలోని అర్థమునే చెప్పుకొనును గాని, బోధకుని మనస్సులోని అర్థమును కాదు.

వీరశైవ పరిభాషలో ముఖ్యమైన ‘దాసోహము’ను ఈ దృష్టితో పరిశీలింపవలెను. దాసః, అహం అను రెండు పదములు కలిసి దాసోహమైనది. ‘నేను దాసుడను’ అని అర్థము. ‘వాడే నేను’ అను సోహంభావమునకు ముందు ‘దా’ అను ఒక్క అక్షరము చేరగనే అహము వంగి సేవ యగుచున్నది. దానిప్రక్కన మన పల్లెలలో ఒకనాడు అనుదినము వినబడిన మరియొక మాటను నిలుపుదము: ‘నీ బాంచన్ దొరా, కాల్మొక్త.’ బాంచ యనగా దాసి, బానిస. కావున ‘బాంచను’ అనగా ‘నేను దాసుడను’ అనియే గదా! వ్యాకరణమును బట్టి చూచినచో రెండింటికిని భేదము లేదు. సిరిసిల్లలో ఒక ఉపన్యాసకుడు బసవేశ్వరుని దాసోహభావమును స్థానికుల భాషలో చెప్పదలచి ‘నేను మీ బాంచనని బసవన్న అన్నాడు’ అని పలికినచో నిఘంటువు ఆయనను తప్పుపట్టదు. సభలోని వృద్ధుడు మాత్రము తలవంచుకొనును. ఆ మాట వినగనే ఆయనకు కల్యాణనగరము తోచదు, గడీ ముందర చెప్పులు విడిచి చేతులు కట్టుకొని నిలిచిన తన తండ్రి తోచును.

భేదము అర్థములో లేదు, పలికినవాని స్థానములో నున్నది. బసవేశ్వరుడు బిజ్జలుని కొలువులో భండారి. అధికారము చేతనున్నవాడు, వంగవలసిన అగత్యము లేనివాడు, అస్పృశ్యులని లోకము దూరముంచిన శరణుల ఎదుట తనను దాసునిగా చెప్పుకొనెను. బాంచననినవాడు అట్లనకున్న బ్రతుకు గడువనివాడు. మొదటిది ఎత్తు నుండి దిగుట. రెండవది దిగువనున్నవానిని ఇంకను దిగద్రొక్కుట. మొదటి మాటను స్వేచ్ఛ పలికించినది, రెండవదానిని భయము పలికించినది.

విచారింపదగిన మరియొక సంగతి కలదు. కన్నడదేశపు మఠములలో దాసోహమనగనే పంక్తిభోజనము గుర్తునకు వచ్చును. తుమకూరు సిద్ధగంగామఠమున వేలాది విద్యార్థులకు దినదినము జరుగు అన్నదానము ఆ పేరుతోనే ప్రసిద్ధము. తెలుగు పత్రికలలోనో, ‘ధనమునకు దాసోహమన్నాడు’ అని లొంగిపోయినవానిని ఎత్తిపొడుచుటకు అదే మాట వాడబడుచున్నది. ఒకచోట అన్నపు వాసన, మరియొకచోట అవమానపు వాసన. తెలుగు వీరశైవ కుటుంబములలోని పిల్లలు ఈ రెండవ వాసననే ముందుగా ఎరుగుదురు.

శరణుల పేర్లలో దీనికి ఎదురు ప్రయాణము కనబడును. మడివాళ మాచయ్య, అంబిగర చౌడయ్య, మాదార చెన్నయ్య, జేడర దాసిమయ్య – చాకలి, పడవవాడు, చర్మకారుడు, నేతగాడు. లోకము తక్కువచూపుతో పలికిన వృత్తినామములను దాచక పేరునకు ముందే నిలిపిరి. వినగా వినగా అవి బిరుదములవలె ధ్వనించెను. కాయకమను మాట పుట్టిన వాతావరణమిది. వెట్టియు ఒడలు వంచి చేయు పనియే. అయినను దానిని కాయకమనుట అన్యాయము, ఏలయన అందు ఇష్టమును లేదు, కూలియు లేదు. సిరిసిల్లలో సాంచాలు నడుపు కార్మికునితో ‘నీ పని కాయకము’ అని వేదికపై చెప్పువారును ఈ భేదమెరిగి చెప్పవలెను. న్యాయమైన కూలి అందినవానికి ఆ మాట గౌరవము. అందనివానికి అది కూలికి బదులిచ్చిన పొగడ్తగా వినబడును.

వ్యక్తుల పేర్లకే గాక సంఘటనల పేర్లకును ఈ శక్తి కలదు. 1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో రైతుకూలీలు వేలాదిగా జరిపిన ప్రదర్శనకు ‘జైత్రయాత్ర’ యను పేరు నిలిచినది. రాజుల దండయాత్రలకు చెల్లిన మాట కూలీలకు దక్కినది. మరుసటి నెలలో ప్రభుత్వము జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను ‘కల్లోలిత ప్రాంతములు’గా ప్రకటించినది. కల్లోలమనగా సంస్కృతమున పెద్ద అల మాత్రమే; ఉత్తరువులో చేరగనే అది భయమైనది. కల్యాణమున హరళయ్య, మధువరసుల ఇండ్ల నడుమ జరిగినట్లు సంప్రదాయము చెప్పు వివాహమును అంతే. శరణుల వారసులకు అది క్రాంతి, బిజ్జలుని కొలువునకు ధిక్కారము.

పాలకురికి సోమనాథుడు ఈ మర్మము లెస్సగా ఎరిగినవాడు. బసవపురాణమున బెజ్జమహాదేవి శివునికి తల్లి లేదని వగచి, తానే తల్లియై ఆయనను పసివానివలె సాకును. అచట కవి స్తోత్రభాషను ప్రక్కన బెట్టి, తల్లులు ఇంట వాడు మాటలను తెచ్చుకొనెను. పరమేశ్వరుడను మాట వినగనే చేతులు జోడింపబడును, పసివాడనగనే చేతులు చాపబడును. ఆ కథకు కావలసినది రెండవది.

‘జంగమ’ శబ్దమునకు కదలునది యని అర్థము. స్థావరమైన గుడికంటె నడయాడు జంగముని మిన్నగా ఎంచినది శరణమార్గము. నేడు కోరుట్లలో ఒక ఇంటికి జంగమదేవర వచ్చినప్పుడు ‘జంగమయ్య వచ్చిండు’ అని పెద్దలు లోపలికి కేక వేయుదురు. వీధిలో మరియొకరు అదే మనిషిని ‘జంగపోడు’ అని చూపుదురు. గడపలో నిలిచిన పిల్లవాడు రెండు మాటలను వినుచున్నాడు. రేపు తాను ఏ మాట పలుకవలెనో అప్పుడే నేర్చుకొనుచున్నాడు.