ఏసిడ్ సీసా పక్కన పెట్టు, అల్లుడా

దేవరకొండ



నల్లగొండల మీరు కిరాయికి దిగిన ఇల్లు మంచిగున్నదని మీ నాయన చెప్పిండు. లెట్రిన్ మాత్రం చూడబుద్ధి అయితలేదని, బేసిన్ అంతా పచ్చగ గార కట్టిందని, ఎవరినన్నా పిలిచి ఏసిడ్ పోయించాలె అనుకుంటున్నవని నువ్వు ఫోన్ల అన్నవు. ఎవరినీ పిలవకు, ఏసిడ్ కొనకు. ఏఎన్ఎంగ ఊర్లు తిరిగి, కాన్పు గదులు దగ్గరుండి కడిగించిన దాన్ని. నాలుగు మాటలు చెప్త, విను.

ముందుగల ఆ మరక ఏందో తెలుసుకో. మన దిక్కు నీళ్ళతోని ఏది చెడినా ఫ్లోరైడ్ మీదికి తోస్తరు. మర్రిగూడ, నాంపల్లి దిక్కు ఆ నీళ్ళు తాగి ఎముకలు వంగినోళ్ళను కండ్లార చూసిన. ఆ గోస నిజమే. కాని బేసిన్‌కు పట్టిన గార ఫ్లోరైడ్ పని కాదు. బోరు నీళ్ళల్ల కరిగి ఉన్న సున్నం, మెగ్నీషియం పని. నీళ్ళు పారిన తోవల తడి ఆరిపోయినప్పుడల్ల ఇంత సున్నం మిగుల్తది. నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లగ పట్టేది గూడ ఇదే. నీళ్ళల్ల ఇనుము ఉంటే ఆ పొరకు ఎర్ర రంగు ఎక్కుతది. పొర గరుకుగ ఉంటది కాబట్టి మురికి, క్రిములు అండ్ల ఇరుక్కుంటయి, వాసన పోదు. మిషన్ భగీరథ వచ్చినంక తాగనీకి కృష్ణా నీళ్ళు వస్తున్నా, చానా ఇండ్లల్ల మిద్దె మీది ట్యాంకుకు ఎక్కేది ఇంకా బోరు నీళ్ళే.

మురికిని సబ్బు తీస్తది, సున్నాన్ని పులుపు తీస్తది. ఈ రెండు తెలువకనే జనం సబ్బు పొడి చల్లి చేతులు పడిపోయేదాక రుద్దుతరు, కాకుంటే విసుగొచ్చి ఏసిడ్ గుమ్మరిస్తరు. విడిగ అమ్మే ఆ ఏసిడ్ గారనే కాదు, టైల్స్ నడుమ సిమెంటును తింటది, నల్లాల మీది మెరుపును తింటది. దాని ఆవిరి ఛాతిల పట్టుకుంటది, చుక్క కంట్ల పడితే చూపుకే ముప్పు. దుకాణంల దొరికే టాయిలెట్ క్లీనర్‌లల్ల గూడ చానా వాటిల ఉండేది అదే హైడ్రోక్లోరిక్ ఆమ్లం. కాని దాని బలం తగ్గించి, బేసిన్ గోడకు అంటుకొని ఉండేటట్టు చిక్కగ చేస్తరు. పని చేసేది దాని గాఢత కన్నా, నానబెట్టిన సేపు.

ఇగ పని. ఐతారం పొద్దున అందరి అవసరాలు తీరినంక మొదలుపెట్టు. కిటికీ, తలుపు బార్ల తెరువు. బకెట్, మగ్గు, సబ్బులు బయట పెట్టు. చేతులకు రబ్బరు గ్లౌజులు, కాళ్ళకు చెప్పులు, ఒంటి మీద పాత బట్టలు ఉండాలె. తడి చెయ్యకముందే పైన బూజు దులుపు, వెంటిలేటర్ రెక్కలు తుడువు. తడి అయినంక దుమ్ము దులిపితే అది బురద అయితది.

తర్వాత బ్రష్‌తోని బేసిన్ గొంతుల నీళ్ళను లోపలికి నాలుగైదు సార్లు గట్టిగ తోయి. నీళ్ళు కిందికి దిగుతయి. చానామంది ఈ పని చెయ్యరు. నిండ నీళ్ళున్న బేసిన్‌ల క్లీనర్ పోస్తే అది పలచబడి, అసలు గార ఉన్న చోట తగులనే తగులది. ఇప్పుడు అంచు కింద చుట్టూ క్లీనర్ పోసి, సీసా మీద రాసిన సేపు వదిలెయ్యి. గార ముదిరి ఉంటే ఇంకో ఉపాయం ఉన్నది. రాత్రి పండుకునే ముందు లీటరు గోరువెచ్చని నీళ్ళల్ల 100 గ్రాముల నిమ్మ ఉప్పు కరిగించు. పాత గుడ్డ పేలికలు అండ్ల ముంచి గార మీద పరిచి, మిగిలింది గొంతుల పొయ్యి. తెల్లారి పేలికలు తీసి పారేసి, బ్రష్‌తోని రుద్దు. మసిలే నీళ్ళు మాత్రం పొయ్యకు, పింగాణి పగులుతది. ఇనుప పీచు వాడకు. అది గీసిన గీతలల్లనే రేపు మళ్ళ గార పడ్తది.

బేసిన్ నానేలోపు గోడలు, తలుపు, ఫ్లష్ ట్యాంకు సబ్బు నీళ్ళతోని పైనుంచి కిందికి కడుగు. అందరూ ముట్టేవి, ఎవ్వరూ తుడువనివి మూడున్నయి: తలుపు గొళ్ళెం, ఫ్లష్ మీట, లైటు స్విచ్చి. స్విచ్చిని పొడి గుడ్డతోనే తుడువు. జెట్ స్ప్రే మూతి విప్పి నిమ్మ ఉప్పు నీళ్ళల్ల వేస్తే మూసుకపోయిన బెజ్జాలు తెరుసుకుంటయి. కుర్చీ కమోడ్ అయితే సీటు బిగించిన బోల్టుల సందులు, వెనకాల కింది భాగం వదలకు. వాసన ఎక్కువ అక్కడికెల్లే వస్తది. ఆఖరుకు నేల మీది జాలి లేపి, ఎంటికలు, సబ్బు జిగట తీసెయ్యి. జాలి కింద గిన్నెల కొంచెం నీళ్ళు నిలిచి ఉండాలె. ఆ నీళ్ళే కాలువ వాసనను పైకి రానియ్యవు.

ఇది మాత్రం రెండుసార్లు చదువు. క్లీనర్ పోసిన చోట బ్లీచింగ్ పౌడర్ చల్లకు. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడ్తది. 1915 ఏప్రిల్ 22న బెల్జియంల ఈప్ర దగ్గర జర్మన్ సైన్యం యుద్ధంల శత్రువుల మీదికి వదిలింది ఆ వాయువునే. అది గాలి కన్నా బరువు, కింద పరుచుకుంటది. చిన్న గదిల వంగి రుద్దేటోని ముక్కు దగ్గరనే ఉంటది. ఎప్పుడన్నా అట్ల ఘాటు వస్తే నీళ్ళు పొయ్యబోకు, ముందు బయటికి రా. క్రిములు చావాలంటే క్లీనర్ మొత్తం కడిగిపోయినంక, ఇంకో రోజు బ్లీచింగ్ వాడు. మాకు ట్రెయినింగుల నేర్పిన లెక్క లీటరు నీళ్ళకు మూడు చెంచాలు, అంటే 15 గ్రాములు. ఏ పూట నీళ్ళు ఆ పూటనే కలుపుకోవాలె. పది నిమిషాలు ఉంచి కడిగేస్తే సాలు.

పండుగకు ఊరికి పోతే ఈ పద్ధతి అక్కడ చెయ్యకు. స్వచ్ఛ భారత్ కింద 12,000 రూపాయల సాయంతోని కట్టుకున్న మన రెండు గుంతల దొడ్డిల పని చేసేది క్రిములే. అవి మలాన్ని ఎరువు చేస్తయి, నీళ్ళు మట్టిల ఇంకుతయి. ఏసిడ్, ఫినాయిల్ పోస్తే ముందు చచ్చేది అవే. దాని బేసిన్‌కు వాలు ఎక్కువ, చెంబెడు రెండు చెంబుల నీళ్ళతోని పోతది. ఊరికి బ్రష్, ఇంత సబ్బు పొడి సాలు. నిండిన గుంతను మూసి ఏడాదిన్నర పైన వదిలేస్తే లోపల మిగిలేది వాసన లేని ఎరువు. 2017 ఫిబ్రవరిల వరంగల్ దిక్కు గంగదేవిపల్లిల కేంద్ర తాగునీరు, పారిశుధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ అసొంటి గుంతలకు స్వయంగ దిగి, ఆ ఎరువు చేత్తోని తీసి చూపించిండు. ఢిల్లీ అధికారికి లేని నామోషీ నీకేంది?

సెప్టిక్ ట్యాంకు సంగతి వేరే. అండ్లకు నువ్వు దిగొద్దు, పైసలిచ్చి ఇంకొకరిని దింపొద్దు. లోపలి వాయువు అరుపు వినపడకముందే మనిషిని పడేస్తది. నిండితే ఇంటాయనకు చెప్పి మిషిన్ ట్యాంకర్‌ను పిలిపియ్యి. మనిషిని రక్షణ లేకుంట దింపుడు 2013 చట్టం ప్రకారం నేరం. మురుగుల దిగి చనిపోయినోళ్ళ కుటుంబానికి 30 లక్షలు ఇయ్యాలని 2023 అక్టోబరుల సుప్రీంకోర్టు చెప్పింది. ఆ సొమ్ముతోని మనిషి తిరిగి రాడు.

ఎవరినన్నా పిలుస్త అన్న నీ మాట నాకు అందుకే నచ్చలే. ఒకరు పోయింది ఇంకొకరు ఎత్తిపోసుడు కొన్ని కులాలకు తలరాత చేసి పెట్టినం. దాన్ని ఆపనీకి 1993ల ఒక చట్టం, 2013ల ఇంకో చట్టం కావలసి వచ్చినయి. కోలార్ బంగారు గనుల దగ్గర పుట్టిన బెజవాడ విల్సన్ జీవితమంతా దాని మీదనే కొట్లాడిండు, 2016ల మెగసెసే బహుమతి వచ్చింది. చట్టాలు వచ్చినంక మనం ఏం చేసినం? ఆ బ్రష్ తీసి ఇంట్ల ఆడోళ్ళ చేతుల పెట్టినం. పొద్దంతా ఉద్యోగం చేసి వచ్చిన అమ్మాయి ఐతారం లెట్రిన్ కడుగుతుంటే నువ్వు పేపర్ చదువుకుంట కూసుంటే, పని చేసే మనిషి మారిండు గని పద్ధతి మారలే.

వాడేది ఇద్దరు, కడిగేది ఇద్దరు. రెండు రోజులకోసారి బ్రష్, వారానికోసారి క్లీనర్, నెలకోసారి ఈ పెద్ద పని. కడిగినంక వైపర్‌తోని నేల ఆరబెట్టు, తడి నిలువకుంటే గార పట్టదు. బ్రష్‌ను ఎండల పెట్టు, చేతులు సబ్బుతోని కడుక్కో. వంతులు క్యాలెండర్ మీద రాసుకోండ్రి. ఇల్లు ఇంత గలీజుగ దొరికింది కాబట్టి మొదటి నెల వంతు నీదే.

అమ్మాయికి నా దీవెనలు చెప్పు.

ఇట్లు
మీ అత్త