హార్మోనియం: గాలి, రీడు, గాంధారం

మా ఊర్లో వరికోతలు అయినంక యక్షగానం ఆడేవారు. మద్దెల, తాళాలు, వాటి పక్కన హార్మోనియం. ఆ పెట్టె తాతలనాటి నుండి మనదే అనుకునేవాణ్ణి. డిగ్రీలో ధ్వనిశాస్త్రం చదివేదాకా దాని పుట్టిల్లు పారిస్ అని తెలియలేదు.

అలెగ్జాండర్ డెబెన్ అనే ఫ్రెంచివాడు 1842లో దీనికి పేటెంటు పొందాడు. ఇందులో తిత్తి గాలిని రీడు మీదికి నెడుతుంది. అమెరికాలో మాత్రం గాలిని పీల్చే పద్ధతి నిలిచింది. దాన్నే 'అమెరికన్ ఆర్గన్' అన్నారు. గోదావరిఖని మిత్రులకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. బాయి మీది పెద్ద ఫ్యాను లోపలి గాలిని బయటికి లాగితే, కొత్త గాలి ఇంకో దారిన దానంతటదే దిగుతుంది గదా! ఇదీ అంతే. పీల్చే గాలికి స్వరం కొంచెం మెత్తగా వస్తుంది. వెర్మాంట్ రాష్ట్రంలోని ఎస్టీ కంపెనీ ఒక్కటే ఇలాంటివి 5 లక్షలకు పైగా చేసింది.

రెండూ కాళ్ళతో తొక్కేవే. నేల మీద కూర్చునే మనవాళ్ళకు అవి కుదరవు. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ 1875లో పెట్టిన ద్వార్కిన్ కంపెనీ తిత్తిని వెనక్కి మార్చి చేతి పెట్టెను వాడుకలోకి తెచ్చింది. మన పద్యనాటకాలవారు మాత్రం కాళ్ళ హార్మోనియాన్ని వదల్లేదు. రెండు చేతులూ ఖాళీగా ఉంటే రాగం వెంట పరుగెత్తవచ్చు!

ఇక అసలు తగాదా. షడ్జం 240 హెర్ట్జ్ అనుకుందాం. తంబురాతో కలిసే అంతర గాంధారం 5/4 నిష్పత్తిలో 300 ఉండాలి. అష్టకాన్ని 12 సమభాగాలు చేసిన హార్మోనియంలో అది సుమారు 302.4 పలుకుతుంది. రెండూ కలిసి మోగితే సెకనుకు రెండుకు పైగా విస్పందనాలు వినబడతాయి. పైగా మెట్టుకూ మెట్టుకూ నడుమ జారే వీలులేదు, కనుక గమకం పలకదు. ఈ కారణాలతోనే ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని నిషేధించింది. 1971లో గాని సడలించలేదు. లెక్క ప్రకారం ఆకాశవాణి వాదన సరైనదే. కాని వేల మంది ముందు, మైకు లేని రాత్రి, పద్యం ఎత్తుకునే నటుడికి శ్రుతి అందించేది ఎవరు? ఆ లెక్క ఢిల్లీలో ఎవరూ వేసినట్టు లేదు.

మా ఊరి హార్మోనియం తాతకు హెర్ట్జ్ తెలియదు. ఇత్తడి రీడు కొసన ఆకురాయితో గీకితే బరువు తగ్గి స్వరం పెరుగుతుంది. మొదట్లో గీకితే బిగువు తగ్గి స్వరం దిగుతుంది. ఆయన రీడును గోటితో మీటి, చెవి దగ్గర పెట్టుకొని, మళ్ళీ ఒక్క గీకు గీకేవాడు.