అందరికీ వెళ్తోంది, చూసుకో

మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపుకి ఈ మధ్యే కొత్త అడ్మిన్ వచ్చాడు. మూడో అంతస్తు కుర్రాడు. వచ్చిన వారంలోనే పార్కింగు గొడవ, కుక్కల గొడవ రెండూ ఒకే రాత్రి నెత్తిన పడ్డాయి. పొద్దున్నే మా తలుపు తట్టాడు. "అంకుల్, మీరు ఇరవయ్యేళ్ళు మెయిలు గ్రూపు నడిపారట కదా, నాలుగు రూల్సు రాసివ్వండి, పిన్ చేసేస్తాను" అన్నాడు.

నడిపిన మాట నిజమే. మా ఇంజనీరింగు కాలేజీ పాత విద్యార్థుల గ్రూపు. 1999లో ఈగ్రూప్స్‌లో పెట్టాం. మరుసటి ఏడు దాన్ని యాహూ కొనుక్కుంటే సామానుతో సహా మేమూ అటు మారాం. నాలుగు వందల పైచిలుకు మందిమి. హైదరాబాదులో ఒకడు కాఫీ తాగుతూ రాసింది న్యూజెర్సీలో ఇంకొకడు పడుకోబోతూ చదివి నిద్ర పాడుచేసుకునేవాడు. మధ్యలో నేను. అందరూ మోడరేటర్ అనేవాళ్ళు. మా ఆవిడ 'జీతం లేని పెద్దమనిషి' అనేది.

రూల్సు రాయడం నాకు చేతకాలేదు. తిన్న దెబ్బలే వరసగా రాసిచ్చాను.

1. పంపే ముందు 'ఎవరికి' అన్న గడి చూడు.

2001లో మా బ్యాచ్‌వాడొకడు కూతురి పెళ్ళి శుభలేఖ గ్రూపులో పెట్టాడు. శుభలేఖతో ఆగలేదు. అల్లుడి ఉద్యోగం, వియ్యంకుడి ఇల్లు, కల్యాణ మండపం అద్దెతో సహా రెండు పేజీలు. దానికి జవాబు రాసిన ఇంకో స్నేహితుడికి నేను, వాడొక్కడికే అనుకుంటూ, ఒక ముక్క రాశాను: "వీడి ఆడంబరం చూశావా, శుభలేఖా ఇది, ఆస్తి పత్రమా?"

నాలుగు వందల మందికీ వెళ్ళింది. గ్రూపు సెట్టింగుల్లో ఒకటుంటుంది: 'రిప్లై' నొక్కితే జవాబు ఆ ఉత్తరం రాసినవాడికి వెళ్ళాలా, గ్రూపు మొత్తానికి వెళ్ళాలా అని. చర్చ బాగా సాగుతుందని దాన్ని గ్రూపు మొత్తానికి పెట్టింది నేనే. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు, ఇక్కడ పెదవి కదపాల్సిన పని కూడా లేకపోయింది.

అరగంటసేపు ఫోను చుట్టూ తిరిగి, చివరికి విజయవాడలో ఉన్న ఆ పెళ్ళికూతురి తండ్రికి ఎస్టీడీ చేశాను. వాడే ఎత్తాడు. "చదివాన్రా. ఆడంబరంలో ఒక 'ఏ' తగ్గింది" అని పెట్టేశాడు. అప్పట్లో తెలుగు రాస్తే ఇంగ్లీషు అక్షరాల్లోనే రాసేవాళ్ళంలే. పెళ్ళికి వెళ్ళాను. వాడు నన్ను స్వయంగా బంతిలో కూర్చోబెట్టి, కొసరి కొసరి వడ్డించాడు. ఆ భోజనం నాకిప్పటికీ అరగలేదు.

తిరిగొచ్చి సెట్టింగు మార్చాను. అందరికీ చెప్పదలచుకున్నవాడు ఇంకో మీట నొక్కాల్సిందే. గ్రూపులో ఉత్తరాలు సగానికి పడిపోయాయి. పోతే పోయాయి.

ఇది నా ఒక్కడి తెలివితక్కువతనం కాదని తరవాత తెలిసింది. 1997లో మైక్రోసాఫ్ట్‌లోనే, సుమారు 13 వేల మంది ఉన్న జాబితాకి ఒకాయన 'నేనిందులో ఎందుకున్నాను, తీసేయండి' అని రాశాడు. 'నన్నూ', 'నన్నూ' అంటూ అందరూ అందుకున్నారు. గంటలో కోటిన్నర ఉత్తరాలు, మెయిలు వ్యవస్థ కూలబడింది. 2016 నవంబరులో బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌లో ఒక పరీక్ష ఉత్తరం పొరపాటున 8 లక్షల 40 వేల మందికి వెళ్ళింది. గంటంపావులో దాదాపు 50 కోట్ల మెయిళ్ళు. ఇలాంటి ప్రతి గొడవలోనూ 'దయచేసి అందరికీ జవాబివ్వకండి' అని అందరికీ జవాబిచ్చే మహానుభావులు ఉంటారు. వాళ్ళని ఏమీ చేయలేం.

2. మాట మారితే సబ్జెక్టు మార్చు.

2009లో పులిహోర మీద మా గ్రూపులో వారం రోజులు చర్చ నడిచింది. పోపులో ఆవపొడి వెయ్యాలా వద్దా, గోదావరి పద్ధతా గుంటూరు పద్ధతా. నలభయ్యో ఉత్తరమో ఏమో, అదే సబ్జెక్టు కింద మా సీనియర్ ఒకాయన పోయారన్న కబురు వచ్చింది. రాసినవాడు కంగారులో పాత ఉత్తరానికే జవాబు కొట్టాడు. పైన 'పులిహోర' అని ఉంటే ఎవరు తెరుస్తారు? మస్కట్ నుంచి ఒకాయన కొత్త ముక్క చదవకుండానే 'అద్భుతం, నోరూరుతోంది' అని రాశాడు. ఆయన తప్పేమీ లేదు. కానీ పోయినాయన ఇంటివాళ్ళు ఇద్దరు గ్రూపులో ఉన్నారు.

వాట్సాప్‌లో సబ్జెక్టు లైను లేదంటావా? మొదటి మాటే సబ్జెక్టు. 'రక్తం కావాలి', 'లిఫ్టు ఆగింది' అని మొదలుపెట్టు. 'అందరికీ నమస్కారం, అందరూ కుశలమని తలుస్తాను' అని కాదు.

3. ముందువాడి ఉత్తరం మొత్తం మోసుకురాకు.

డయలప్ రోజులు నువ్వు చూడలేదు. మోడెం కూత పెట్టి కలిసేదాకా ఒక దండం, కలిశాక తెగకుండా ఇంకో దండం. ఒక్కడు 'అవును' అని రాసి, దాని కింద ఇరవై పాత ఉత్తరాల తోక తగిలిస్తే, మిగతా నాలుగు వందల మందీ ఆ తోకకి టెలిఫోన్ బిల్లు కట్టేవాళ్ళు. ఏ మాటకి జవాబిస్తున్నావో ఆ రెండు వాక్యాలు ఉంచి, మిగతాది కొట్టెయ్. ఇది నేను కనిపెట్టింది కాదు. 1995 అక్టోబరులో ఇంటెల్‌లో పనిచేసే శాలీ హాంబ్రిడ్జ్ రాసిన ఇంటర్నెట్ మర్యాద సూత్రాల్లో, ఆర్‌ఎఫ్‌సీ 1855 అనే పత్రంలో ఉంది. సంతకం నాలుగు వరుసలు దాటకూడదని కూడా అందులోనే ఉంది. మా వాళ్ళలో ఒకాయన సంతకం కింద డిగ్రీలు, పదవులు, ఒక శ్లోకం, దాని తాత్పర్యం ఉండేవి. ఈ సూత్రం ఆయనకి పంపాను. చాలా బాగుందని మెచ్చుకుంటూ జవాబు రాశారు, కింద శ్లోకంతో సహా.

4. మీరా, నువ్వా?

ఈ చిక్కు ఆ పత్రంలో లేదు, ఉండదు కూడా. గ్రూపు ఎక్కువగా ఇంగ్లీషులోనే నడిచినంత కాలం అందరూ 'యూ'నే. ప్రిన్సిపాలుకీ యూ, హాస్టల్ రూమ్మేటుకీ యూ. కంప్యూటర్లో తెలుగు అక్షరాలు కుదురుకున్నాక, అంటే విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు వచ్చి, మావాళ్ళు ఒక్కొక్కరే తెలుగులోకి దిగాక, మొదటి వాక్యంలోనే ఏకవచనమా బహువచనమా తేల్చుకోవాల్సి వచ్చింది. ఇద్దరు బ్యాచ్‌మేట్లు 'ఒరేయ్, నీ మొహం' అనుకుంటే వాళ్ళకి ముద్దే. కానీ ఆ ఒరేయ్ అనిపించుకున్నవాడు ఒక కంపెనీకి పెద్ద. వాడి కింద పనిచేసే జూనియర్లు ముగ్గురు అదే గ్రూపులో ఉన్నారు. రెండో వైపు, ఎప్పుడూ నువ్వు అనే స్నేహితుడు హఠాత్తుగా 'మీరు చెప్పింది సబబుగా లేదండీ' అంటే, బూతు తిట్టినదానికన్నా ఎక్కువ తగిలేది. నేను చూసిన తగాదాల్లో సగం 'గారు' లేకపోవడం వల్ల వచ్చాయి, పావు వంతు 'గారు' పెట్టడం వల్ల వచ్చాయి.

నా పద్ధతి ఇది: గ్రూపులో అందరికీ మీరు, గారు. ఒరేయ్‌లు విడిగా ఫోన్లో.

5. అక్షరం చూసుకో.

పాత రోజుల్లో తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో రాయడానికి ఆర్‌టీఎస్ అని ఒక పద్ధతి ఉండేది, అమెరికాలో రైస్ యూనివర్సిటీలో మనవాళ్ళు తయారుచేసింది. అందులో చిన్నబడి 'ఎల్' కొడితే ల, పెద్దబడి 'ఎల్' కొడితే ళ. ఒకాయన తండ్రిగారి కళ్ళ ఆపరేషను గురించి రాస్తూ రెండు చోట్లా చిన్నబడే కొట్టారు. 'నాన్నగారికి కల్లు చాలా రోజులుగా ఇబ్బంది పెడుతోంది' అని చదువుకుని, మానేస్తే సర్దుకుంటుందని ధైర్యం చెప్పినవాళ్ళున్నారు. ఇప్పుడు ఫోనే మాట పూర్తి చేసేస్తోంది, అది ఇంకా ప్రమాదం.

6. కోపం వస్తే రాయి. చిరునామా మాత్రం రాత్రంతా ఖాళీగా ఉంచు.

రాయొద్దని చెప్పను, రాయకపోతే కడుపులో ఉండిపోతుంది. చిరునామా గడి ఖాళీగా వదిలేసి రాసుకో. చెయ్యి జారినా ఎటూ పోదు. పొద్దున చదివి, అప్పుడు చిరునామా పెట్టు. ఈ పద్ధతిన నేను రాసిన వాటిలో చాలావరకు ఇప్పటికీ డ్రాఫ్టుల్లోనే ఉన్నాయి. కొన్ని భలే బాగున్నాయి కూడా.

7. ఊరెళ్తూ 'సెలవులో ఉన్నాను' పెట్టేముందు ఆలోచించు.

మొదట్లో, జవాబులన్నీ గ్రూపుకే వెళ్ళే రోజుల్లో, ఒకాయన తిరుపతి వెళ్తూ తన మెయిలుకి ఆటో రిప్లై పెట్టారు. గ్రూపు నుంచి ఒక ఉత్తరం వెళ్ళింది. ఆయన కంప్యూటరు 'సెలవులో ఉన్నాను' అంది. గ్రూపు దాన్ని అందరికీ పంచింది, అందరితోపాటు ఆయనకీ. మళ్ళీ 'సెలవులో ఉన్నాను'. తెల్లారేసరికి వందల్లో. ఆయన కొండ మీద నిశ్చింతగా క్యూలో ఉన్నారు. గ్రూపు ఉత్తరాలకి యంత్రాలు ఇలా జవాబివ్వకూడదని 2004లో ఒక ప్రమాణం వచ్చింది, ఇప్పుడీ బెడద తక్కువ.

8. ఫార్వర్డ్ చేస్తే నువ్వు చెప్పినట్టే.

'నేను రాయలేదండీ, వచ్చింది పంపాను' అనేవాళ్ళతో నాకు ఓపిక లేదు. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వాట్సాప్ పుకార్లతో మన రెండు రాష్ట్రాల్లోనూ అమాయకుల్ని కొట్టి చంపారు. అప్పట్లో జోగులాంబ గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి ఊరూరా పోలీసుల్ని పంపి, డప్పులు, పాటలతో ఇది అబద్ధమని చెప్పించాల్సి వచ్చింది. ఆ జులైలోనే వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డుని ఒకసారికి ఐదు చాట్లకే పరిమితం చేసింది. మన వాచ్‌మన్ తమ్ముడు ఆ రోజుల్లో కొత్త ఊళ్ళో చిరునామా అడగడానికి భయపడ్డాడు. కావాలంటే అడుగు, చెప్తాడు.

9. మందలింపు చాటుగా.

నలుగురిలో తప్పు పడితే మనిషి తప్పుని వదిలి నిన్ను పట్టుకుంటాడు. విడిగా రెండు వాక్యాలు రాయి, అంతకన్నా మంచిది, మెట్లు దిగి వెళ్ళి తలుపు కొట్టు. ఎవరో ఏదో రాస్తే అడ్మిన్‌వి నీ మీదికి కేసు వస్తుందని భయపడుతున్నావు కదా. ఇంకొకడు పెట్టినదానికి అడ్మిన్ అన్న ఒక్క కారణంగా బాధ్యుడు కాడని 2021లో బాంబే హైకోర్టు, 2022లో కేరళ హైకోర్టు చెప్పాయి. కానీ కమిటీ మీటింగులో ఎవరూ హైకోర్టు తీర్పు వినరు.

10. దాచుకోదగ్గవి ముందే దాచుకో.

యాహూ గ్రూప్స్ సంగతి 2019 అక్టోబరులో ప్రకటించారు, పాత ఉత్తరాలన్నీ తీసేస్తామని. 2020 డిసెంబరు 15న మొత్తమే మూసేశారు. నెలల ముందే చెప్పారు. నేను ఇవాళ రేపు అంటూ కూర్చుని, చివర్లో 2006 దాకా ఉన్నవి మాత్రం దించుకోగలిగాను. బద్ధకం నాదే. ఈ జాబితా రాసేముందు ఆ ఫోల్డరు తెరిచి చూశాను. పులిహోర చర్చ పోయింది, ఆ సీనియర్ గురించి తరవాత అందరూ రాసుకున్నవీ పోయాయి. నా శుభలేఖ ఉత్తరం మాత్రం భద్రంగా ఉంది, ఒక 'ఏ' తక్కువతో సహా.