డీఎస్సీకి వెళ్లాలనుంటే ఆలస్యం చెయ్యకు



వచ్చే ఏడాది పెన్షన్ మీద ఇంటికొచ్చి, ఇల్లు కట్టి, పాప ఇంటర్ గట్టెక్కాక తీరిగ్గా డీఎస్సీలో, అంటే డిఫెన్స్ సెక్యూరిటీ కోర్‌లో, చేరతానని మీ అమ్మతో అన్నావట. ఇల్లు ఎప్పుడైనా కట్టుకోవచ్చు. ఇది అలా కాదు.

19వ ఏట భర్తీ అయ్యావు. హవల్దారుగా 24 ఏళ్లు పూర్తి చేసేసరికి నీకు 43. డీఎస్సీలో చేర్చుకునే వయసు నలభైల నడుమే ఆగిపోతుంది. అందులో పడతావులే, సరే. కానీ అక్కడ 57కి రిటైర్ చేస్తారు. రెండో పెన్షన్ రావాలంటే 15 ఏళ్ల సర్వీసు ఉండాలి. 57లోంచి 15 తీసెయ్, 42. అంటే యూనిట్ వదిలిన మర్నాడే చేరినా నీకు ఏడాది తరుగే! పెన్షన్ నిబంధనల్లో తరుగు మాఫీ ఏడాది దాకానే ఉంది. అదైనా డీఎస్సీ వాళ్లకు వర్తిస్తుందా లేదా అని ఎందరో ట్రిబ్యునల్ మెట్లెక్కారు. ఇంక ఇంటి పని పేరుతో రెండేళ్లు పోగొట్టుకుంటే అడగడానికి కూడా దారుండదు.

కేంద్ర ప్రభుత్వ గ్రూప్-సీ ఉద్యోగాలకైతే మన వయసులోంచి మిలిటరీ సర్వీసు తీసేసి లెక్కగడతారు. ఆ లెక్కన నువ్వు 19 ఏళ్ల కుర్రాడివి! డీఎస్సీ వాళ్లు చూసేది అసలు వయసు. నన్నడిగితే అదే న్యాయం. అర్ధరాత్రి ఆయుధ డిపో గేటు దగ్గర రైఫిల్‌తో నిలబడాల్సింది అసలు మోకాళ్లేగా.

టెరిటోరియల్ ఆర్మీ మాట కూడా ఎత్తావట. అక్కడ మామూలు భర్తీ 42తోనే సరి. పైగా అది వేరే ఉపాధి ఉన్నవాళ్లు ఏడాదిలో కొంతకాలం చేసే కొలువు, ఇల్లు గడిపే జీతం కాదు.

ఇంకొకటి జాగ్రత్త. డిజేబిలిటీ పెన్షన్ ఆశపడి రిలీజ్ మెడికల్‌లో కేటగిరీ దించుకోమని చెప్పేవాళ్లు ప్రతి బ్యారక్‌లోనూ ఉంటారు. డీఎస్సీకి షేప్-1, అంటే పూర్తి ఫిట్‌నెస్ కేటగిరీ, కావాలి. నిజంగా జబ్బుంటే దాచొద్దు. లేని జబ్బు మాత్రం రాయించుకోకు. బీపీ, షుగర్ ఇప్పటినుంచే అదుపులో పెట్టుకో.

రిటైరయ్యాక ఎన్నాళ్లలోపు చేరాలన్న గడువు కూడా ఉంటుంది. కాబట్టి యూనిట్‌లో ఉండగానే కన్నూర్ డీఎస్సీ సెంటర్ తాజా నోటీసు తెప్పించుకుని, హెడ్‌క్లర్కు దగ్గర కూర్చుని కాగితాలు సిద్ధం చేయించు. ఇంటి సంగతి నేను చూసుకుంటాను, మేస్త్రీతో మాట్లాడాను కూడా.

ఇట్లు
మీ మావయ్య