ప్రకటనలు

మనము ఉదయమున లేచినది మొదలు రాత్రి పరుండువరకు ప్రకటనల నడుమనే సంచరించుచున్నాము. పత్రికలోను, గోడమీదను, బస్సు వెనుకను, చేతిలోని ఫోనులోను అవి మనలను పలుకరించుచునే యుండును. అవి మన మనస్సును ఎట్లు లోగొనుచున్నవో ఇచ్చట కొంత విచారింతము.

ప్రకటన చేయు మొదటి పని చూపును నిలుపుట. పెద్ద అక్షరములు, ముదురు రంగులు, నవ్వుచున్న పసిపిల్లల బొమ్మలు ఇందుకొరకే. రెండవది పేరును మనస్సున నాటుట. ఒక్క మాటనే పాటగా కట్టి పలుమారులు వినిపించినయెడల, అంగడికి పోయినప్పుడు మనకు తెలియకయే ఆ పేరు నోట వచ్చును. మూడవది కోరిక పుట్టించుట. 99 రూపాయలని వ్రాసినచో, తగ్గినది ఒక్క రూపాయియే యైనను, వెల మిక్కిలి చౌకయని తోచును. ప్రసిద్ధుడైన నటుడు ఒక వస్తువును మెచ్చుకొనినచో, ఆ మెప్పునకు అతడు సొమ్ము పుచ్చుకొనునను సంగతి మరతుము.

అయినను ప్రకటన స్వభావముచేత చెడ్డది కాదు. మంచి వస్తువు కలదని పదిమందికి తెలియనిచో అది అంగడిలోనే పడియుండును. కృష్ణాజిల్లావారైన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయియందు అమృతాంజనమును తయారుచేయ నారంభించిరి. సంగీతసభలకు వచ్చినవారికి దానిని ఉచితముగా పంచిపెట్టిరని చెప్పుదురు. తలనొప్పి గలవాడు నుదుట రాసికొని దాని గుణమును తానే పరీక్షించుకొనెను. ఆ వ్యాపారమున గడించిన ధనము ఆంధ్రపత్రికకు ఆధారమయ్యెను. ఆ పత్రిక 1908లో బొంబాయిలో వారపత్రికగా వెలువడి, 1914లో చెన్నపట్టణమున దినపత్రిక యయ్యెను. ప్రకటన మొదటి సీసాను అమ్మగలదు. రెండవ సీసాను అమ్మవలసినది సరుకు గుణమే.

గుణము లేనిచోట ప్రకటన దొంగత్రాసు వంటిది. మధుమేహము, క్యాన్సరు మొదలైన వ్యాధులను మందుతో కుదుర్తుమని ప్రజలకు ప్రకటించుటను 1954 నాటి చట్టము నిషేధించినది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము, ప్రజలను తప్పుదారి పట్టించు ప్రకటనకు మొదటి తప్పునకే 10 లక్షల రూపాయలవరకు జరిమానా విధింపవచ్చును. అయినను చట్టము ప్రతి యింటి వాకిట కావలి యుండజాలదు. రోగి యున్న యింటివారు ఇట్టి మాటను నమ్మి వైద్యుని యొద్దకు పోక జాగుచేసినచో, నష్టము ధనముతో తీరదు, ప్రాణమునకే వచ్చును.

కావున, బాలబాలికలారా, ప్రకటనను చూచినప్పుడెల్ల మూడు ప్రశ్నలు వేసికొందము. ఈ మాట చెప్పుచున్న వారెవరు? దీనికి నిదర్శన మేమి? ఈ వస్తువు మనకు నిజముగా అవసరమా? ఇంటిలో తల్లిదండ్రులతో కూడ ఈ ప్రశ్నలను ముచ్చటింతము. ప్రకటన మనలను అంగడివరకు తీసికొనిపోవచ్చును. సంచి విప్పుటకు మాత్రము మన వివేకమే సెలవీయవలెను.