గేమింగ్‌కి 4కె మానిటరా, 1440పి మానిటరా? కొనే ముందు ఇంట్లోనే వేసుకోవాల్సిన లెక్కలు

పోయిన నెల మా చిన్నాన్న కొడుకు హన్మకొండ నుంచి ఫోన్ చేశాడు. బీటెక్ ఫైనల్ ఇయర్. ఇంటర్న్‌షిప్‌లో వచ్చిన స్టైపెండ్ మూడు నెలలది ముట్టుకోకుండా దాచుకున్నాడు.

"అన్నా, 27 ఇంచుల 4కె మానిటర్ ఆఫర్‌ల ఉంది. ఇయ్యాల్నే లాస్ట్ అట. కొట్టెయ్యాల్నా?"

"నీ లాప్‌టాప్‌ల కార్డ్ ఏందిరా?"

"ఆర్‌టీఎక్స్ 3050. 4జీబీ."

"హెచ్‌డీఎంఐ ఎంత?"

"హెచ్‌డీఎంఐ అంటే హెచ్‌డీఎంఐ కదన్నా. దాంట్ల ఎంత అంటవేంది?"

ఈ మాట వినగానే నాకు 2021 గుర్తొచ్చింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ ఇలాగే ఆఫర్ చూసి ఒక 4కె మానిటర్ కొన్నాను. బాక్స్ తెరిచి, కేబుల్ పెట్టి ఆన్ చేస్తే వాల్‌పేపర్ అద్దంలా మెరిసింది. మౌస్ కదిపితే మాత్రం బాణం గుర్తు ఎడ్లబండి మీద వెళ్తున్నట్టు కుదుపుతూ కదిలింది. మానిటర్ పాడైందేమో అనుకుని కేబుల్ మార్చాను, డ్రైవర్లు మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను, ఒక ఆదివారం మొత్తం పోయింది. చివరికి తేలిందేంటంటే నా పాత లాప్‌టాప్‌లో ఉన్నది హెచ్‌డీఎంఐ 1.4 పోర్ట్. 4కె దగ్గర దాని హద్దు 30 హెర్ట్జ్. మానిటర్‌ది ఏ తప్పూ లేదు. అప్పటికి రిటర్న్ గడువు దాటిపోయింది. తర్వాత రెండేళ్లు ఆ 4కె మానిటర్ మీద 1080పిలోనే గేమ్స్ ఆడాను. అందుకే వాడితో "ఇయ్యాల కొనకు, రేపు మాట్లాడుకుందాం" అన్నాను. ఆ రేపు మేము కూర్చుని వేసిన లెక్కలే ఇవి. మీకు కూడా పనికొస్తాయి.

మొదట కార్డ్ సంగతి

1080పి స్క్రీన్‌లో మొత్తం పిక్సెల్స్ 20,73,600. 1440పిలో 36,86,400. 4కెలో 82,94,400. అంటే 4కె అనేది 1080పికి రెండింతలు కాదు, సరిగ్గా నాలుగింతలు. 1440పికి రెండుంపావు రెట్లు. గేమ్ ఆడేటప్పుడు మీ కార్డ్ ఇన్ని పిక్సెల్స్‌కీ ప్రతి ఫ్రేమ్‌లో రంగు లెక్క కట్టాలి. 1080పిలోనే 60 ఎఫ్‌పీఎస్ కోసం ఆయాసపడే కార్డ్‌కి నాలుగింతల పని అప్పజెబితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. పైగా 4జీబీ వీడియో మెమరీ ఉన్న కార్డ్‌లకి రెజల్యూషన్ పెంచేకొద్దీ ఆ మెమరీ కూడా నిండిపోతుంది, అప్పుడు ఎఫ్‌పీఎస్ మెల్లగా తగ్గదు, ఒక్కసారిగా కూలబడుతుంది.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. కొత్త మానిటర్ కొనకముందే ఆ రెజల్యూషన్‌లో మీ గేమ్ ఎలా నడుస్తుందో ఇప్పుడున్న స్క్రీన్ మీదే చూసుకోవచ్చు. ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లో డీఎస్ఆర్ అని ఉంటుంది, ఏఎండీలో అయితే వర్చువల్ సూపర్ రెజల్యూషన్. ఇవి గేమ్‌ని 1440పిలోనో 4కెలోనో రెండర్ చేసి, మీ 1080పి స్క్రీన్‌కి కుదించి చూపిస్తాయి. బొమ్మ ఎంత బాగుంటుందో దీంతో తెలియదు కానీ కార్డ్ ఎంత మోయగలదో దాదాపు కచ్చితంగా తెలుస్తుంది. చాలా లాప్‌టాప్‌లలో సొంత స్క్రీన్ ఇంటెల్ లేదా ఏఎండీ ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్ మీద నడుస్తుంది కాబట్టి డీఎస్ఆర్ ఆప్షన్ కనిపించకపోవచ్చు. అప్పుడు గేమ్ సెట్టింగ్స్‌లోనే రెజల్యూషన్ స్కేల్ లేదా రెండర్ స్కేల్ ఉందేమో చూడండి. 1080పి మీద 133 శాతం పెడితే 1440పి, 200 శాతం పెడితే 4కె. (కొన్ని గేమ్స్‌లో ఈ శాతం మొత్తం పిక్సెల్స్ మీద లెక్క, అక్కడ అంకెలు మారతాయి. పక్కన అసలు రెజల్యూషన్ చూపిస్తే దాన్నే నమ్మండి.)

మా వాడితో ఇదే చేయించాను. వాడు ఎక్కువగా ఆడేది వాలరంట్, అది తేలికైన గేమ్, 1440పిలో కూడా హాయిగా నడిచింది. ఒక ఓపెన్ వరల్డ్ గేమ్ మాత్రం 4కె స్కేల్ పెట్టగానే స్లైడ్ షో అయిపోయింది. ఫోన్‌లో కొంచెంసేపు మాట లేదు. తర్వాత "సరే అన్నా, 4కె కాన్సిల్" అన్నాడు.

మరి డీఎల్ఎస్ఎస్, ఎఫ్ఎస్ఆర్ ఉన్నాయి కదా అని కామెంట్స్‌లో అడుగుతారు, ముందే చెప్తున్నాను. ఉన్నాయి, పనికొస్తాయి. 4కెలో డీఎల్ఎస్ఎస్ క్వాలిటీ మోడ్ పెడితే గేమ్ లోపల 1440పిలో రెండర్ అవుతుంది, పెర్ఫార్మెన్స్ మోడ్‌లో 1080పిలో. అదే 1440పి మానిటర్ మీద క్వాలిటీ మోడ్ అంటే లోపల 960పి. మంచి కార్డ్ ఉన్నవాళ్లకి 4కెని అందుబాటులోకి తెచ్చింది ఇదే. కానీ అన్ని గేమ్స్‌లో ఉండదు, ఆ అప్‌స్కేలింగ్ పని కూడా ఊరికే జరగదు, దానికీ కొంత సమయం, కొంత మెమరీ కావాలి. కాబట్టి 4జీబీ కార్డ్‌ని అది గట్టెక్కిస్తుందని ఆశ పెట్టుకోవద్దు.

తర్వాత టేపు తీసుకుని టేబుల్ కొలవండి

రివ్యూలలో పీపీఐ అని చూస్తుంటాం, అంటే ఒక అంగుళంలో ఎన్ని పిక్సెల్స్ అని. 24 ఇంచుల 1080పి అయితే 92. 27 ఇంచులలో 1080పి తీసుకుంటే 82కి పడిపోతుంది, అక్షరాల అంచులు మెట్లుమెట్లుగా కనిపిస్తాయి, దయచేసి తీసుకోవద్దు. 27 ఇంచుల 1440పి అయితే 109, 27 ఇంచుల 4కె 163, 32 ఇంచుల 4కె సుమారు 138. 32 ఇంచుల 1440పి మళ్లీ 92 దగ్గరికే వస్తుంది. అంటే సైజు పెరిగిందే గానీ పదును మీ పాత 24 ఇంచుల మానిటర్‌దే.

అయితే పీపీఐ ఒక్కటే చూస్తే సగం లెక్కే. మామూలు చూపు ఉన్న కన్ను ఒక డిగ్రీ కోణంలో సుమారు 60 పిక్సెల్స్ దాకా విడివిడిగా పట్టగలదని సాధారణంగా వేసే లెక్క. 60 సెంటీమీటర్ల దూరంలో కూర్చుంటే 27 ఇంచుల 1440పి మీకు డిగ్రీకి 45 పిక్సెల్స్ ఇస్తుంది, 27 ఇంచుల 4కె అయితే 67. అదే 80 సెంటీమీటర్ల దూరానికి జరిగితే 1440పి కూడా దాదాపు 60కి చేరుతుంది. అంటే అడుగులో మూడింట రెండు వంతుల దూరం కూడా జరగకుండానే అదే స్క్రీన్ ఎంతో పదునుగా మారుతుంది.

మన ఇళ్లలో, హాస్టళ్లలో స్టడీ టేబుల్ లోతు మహా అయితే రెండడుగులు. మానిటర్ స్టాండ్ కాలు ఒక్కటే దాదాపు ముప్పావు అడుగు తినేస్తుంది. అప్పుడు మీ కన్నుకీ స్క్రీన్‌కీ మధ్య 50 సెంటీమీటర్లే మిగలొచ్చు. అక్కడ 32 ఇంచుల మానిటర్ పెడితే వాలరంట్‌లో మినీమ్యాప్ చూడ్డానికి తల తిప్పాలి. మా వాడి టేబుల్ కొలిపిస్తే కన్ను నుంచి స్క్రీన్ దాకా 55 వచ్చింది. మానిటర్ ఆర్మ్‌తో గోడ వైపు నెడితే 70. ఆర్మ్ కొనే ఆలోచన ఉంటే మానిటర్‌కి వెనక వీసా మౌంట్ రంధ్రాలు ఉన్నాయో లేదో స్పెక్స్‌లో చూసుకోండి, కొన్నింటికి ఉండవు.

మన భాషకి సంబంధించిన పరీక్ష ఒకటి చెప్తాను, ఇంగ్లిష్ రివ్యూలలో ఇది దొరకదు. షాపులో మానిటర్ చూసేటప్పుడు బ్రౌజర్‌లో ఏదైనా తెలుగు న్యూస్ పేజీ తెరిచి చిన్న అక్షరాలతో "రాష్ట్రం", "స్త్రీ", "లక్ష్మి" లాంటి మాటలు వెతకండి. ఇంగ్లిష్ అక్షరం ఒక వరసలో సరిపోతుంది, మనకి గుణింతం పైన, ఒత్తు కింద. అదే ఎత్తులో రెండు మూడు అంతస్తులు ఇరకాలి. 92 పీపీఐ దగ్గర కింది ఒత్తులు నల్లటి చుక్కల్లా అలుక్కుపోతాయి. 109 దగ్గర విడివిడిగా చదవొచ్చు, 163 దగ్గర పుస్తకంలో అచ్చువేసినట్టు ఉంటుంది. రోజుకి రెండు గంటలు గేమ్స్, ఎనిమిది గంటలు కోడ్, చదువు ఉన్నవాళ్లకి 4కె వైపు ఉన్న బలమైన కారణం ఇదే. విండోస్‌లో 27 ఇంచుల 4కెకి 150 శాతం స్కేలింగ్ పెడితే చోటు 1440పి అంతే దొరుకుతుంది, పదును మాత్రం పెరుగుతుంది. నేను ఆ రెండేళ్లు ఆ మానిటర్‌ని అమ్మకుండా ఉంచుకున్నది ఈ ఒక్క కారణంతోనే.

నన్ను ముంచిన కేబుల్

హెచ్‌డీఎంఐ 2.0 మొత్తం 18 జీబీపీఎస్, అందులో బొమ్మకి దక్కేది 14.4. దాని మీద 1440పి అయితే 144 హెర్ట్జ్ దాకా, 4కె అయితే 60 దాకా. డిస్‌ప్లేపోర్ట్ 1.4లో బొమ్మకి దక్కేది 25.92, కాబట్టి 4కె 120 దాకా సరిపోతుంది, 144కి డీఎస్‌సీ అనే కంప్రెషన్ కావాలి. హెచ్‌డీఎంఐ 2.1 అయితే 48 జీబీపీఎస్ దాకా వెళ్తుంది. "దాకా" అనే మాట గమనించండి. నిబంధనల ప్రకారం హెచ్‌డీఎంఐ 2.0 అనే పేరే ఇప్పుడు లేదు, అదంతా 2.1లో కలిపేశారు. కాబట్టి బాక్స్ మీద 2.1 అని రాసి ఉన్నా లోపల పాత వేగమే ఉండొచ్చు, అది మోసం కిందకి కూడా రాదు. స్పెక్స్‌లో ఏ పోర్ట్‌లో ఏ రెజల్యూషన్‌కి ఎన్ని హెర్ట్జ్ అని విడిగా రాసి ఉంటుంది, ఆ లైన్ ఒక్కటీ చదవండి. లాప్‌టాప్‌కి కూడా అంతే. టైప్-సీ పోర్ట్‌లో డిస్‌ప్లే వస్తుందో రాదో, వస్తే అది ఎన్‌విడియా కార్డ్ నుంచో ఇంటిగ్రేటెడ్ నుంచో మోడల్‌ని బట్టి మారుతుంది.

హెర్ట్జ్ ఎందుకు ముఖ్యమంటే, 60 హెర్ట్జ్‌లో కొత్త ఫ్రేమ్ 16.7 మిల్లీసెకన్లకి ఒకసారి వస్తుంది, 144లో 6.9కి. ఈ తేడా ఎవరికైనా తెలుస్తుంది. 144 నుంచి 165కి వెళ్తే 6.9 కాస్తా 6.1 అవుతుంది, నాకైతే తేడా తెలియలేదు. దాని కోసం ఎక్కువ డబ్బు పెట్టొద్దు. ప్లేస్టేషన్ 5 ఉన్నవాళ్లు 1440పి తీసుకోవడానికి భయపడనక్కర్లేదు, 2022 సెప్టెంబర్ అప్‌డేట్ నుంచి అది 1440పి ఇస్తోంది.

ప్యానెల్ విషయం తొందరగా చెప్పేస్తాను. ఈ బడ్జెట్‌లో ఐపీఎస్ తీసుకోండి. వీఏలో నలుపు ఇంకా లోతుగా ఉంటుంది, 3000:1 లాంటి కాంట్రాస్ట్ మామూలే, ఐపీఎస్ 1000:1 చుట్టూ ఉంటుంది. కానీ చాలా వీఏలలో చీకటి సీన్లు కదిలితే నీడలు వెనక సాగుతాయి. ఓలెడ్ బాగుంటుంది, ధర ఒక లాప్‌టాప్‌కి దగ్గరగా ఉంటుంది, రోజంతా టాస్క్‌బార్ కదలకుండా ఉంటే బర్న్-ఇన్ భయం కూడా ఉంది. "1 ఎంఎస్ ఎంపీఆర్‌టీ" అని చూసి మురిసిపోవద్దు, అది బ్యాక్‌లైట్‌ని ఆర్పి వెలిగించి సాధించే అంకె, పిక్సెల్ రంగు మారే వేగం కాదు. హెచ్‌డీఆర్ 400 స్టిక్కర్‌కి లోకల్ డిమ్మింగ్ తప్పనిసరి కాదు, కాబట్టి దాని కోసం ఒక్క రూపాయి కూడా ఎక్కువ పెట్టను. మన వరంగల్ ఎండాకాలంలో పడమటి కిటికీ ఉన్న గదిలో కూర్చునేవాళ్లకి మాత్రం మ్యాట్ కోటింగ్, కనీసం 300 నిట్స్ వెలుతురు నిజంగా అవసరం.

ఎక్కడ కొన్నాం

హన్మకొండ చౌరస్తా దగ్గర మేము తిరిగిన షాపుల్లో ఎక్కువగా ఆఫీసు మానిటర్లే ఉన్నాయి. గేమింగ్‌వి తెప్పించి ఇస్తామన్నారు, ఆన్ చేసి చూపించడం కుదరదన్నారు. కాజీపేటలో పొద్దున రైలెక్కి సికింద్రాబాద్ వెళ్తే పార్క్‌లేన్‌లో సీటీసీ ఉంది, అక్కడ నాలుగు షాపులు తిరిగి కళ్లతో చూసుకోవచ్చు. వాడు వెళ్లి చూసొచ్చాడు, తెలుగు పేజీ పరీక్ష కూడా చేశాడట, షాపాయన వింతగా చూశాడట. 34 ఇంచుల అల్ట్రావైడ్ చూసేవాళ్లకి ఒక మాట. 32 ఇంచులు దాటిన మానిటర్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 నుంచి 18 శాతానికి తగ్గింది, పాత ధర చెబితే అడగండి.

ఆన్‌లైన్‌లో అయితే ఆర్డర్‌కి ముందు ఆ కంపెనీ సైట్‌లో మీ పిన్‌కోడ్ కొట్టి ఇంటికొచ్చి సర్వీస్ చేస్తారో లేదో చూడండి. బాక్స్ తెరిచేటప్పుడు వీడియో తీయండి. మొదటి రోజే ఎరుపు, ఆకుపచ్చ, నీలం, తెలుపు, నలుపు స్క్రీన్లు నిండుగా పెట్టి డెడ్ పిక్సెల్స్ వెతకండి. ఒకటి రెండు చుక్కలకి వారంటీ వర్తించదని చాలా కంపెనీల షరతు, కాబట్టి రిటర్న్ గడువులోనే తేల్చుకోవాలి.

చివరికి వాడు తీసుకున్నది 27 ఇంచుల 1440పి ఐపీఎస్, 165 హెర్ట్జ్‌ది. లాప్‌టాప్‌లో ఉన్నది హెచ్‌డీఎంఐ 2.0 అని తేలింది కాబట్టి 144 దగ్గరే ఆగుతుందని ముందే చెప్పాను. మిగిలిన డబ్బుతో ఆర్మ్ కూడా వచ్చింది. రెండు రోజుల తర్వాత ఫోన్.

"అన్నా, 144 అంటే గింతేనా? నాకేం ఫరక్ కనిపిస్తలేదు."

"సెట్టింగ్స్‌ల డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే ఓపెన్ చెయ్. రిఫ్రెష్ రేట్ ఎంతుంది?"

"60."

విండోస్ చాలాసార్లు కొత్త మానిటర్‌ని 60లోనే పెట్టి ఊరుకుంటుంది. మార్చమన్నాను. మౌస్ గిరగిరా తిప్పుతున్న చప్పుడు వినిపించింది, తర్వాత "ఓయమ్మో" అని ఒక మాట, ఆ తర్వాత లైన్ కట్.