పికప్ వాహనము – వెనుక ఇరుసు మార్పిడి: ఒక పరిశీలన

‘ఇరుసు’ తెలుగువారికి కొత్త మాట కాదు. ఎద్దుబండి నాటి నుండి అది మన వ్యవసాయ జీవనములో భాగమై ఉన్నది. అయితే ఎద్దుబండి ఇరుసు బరువును మాత్రమే మోస్తుంది. మోటారు వాహనపు వెనుక ఇరుసు బరువును మోయుటయే గాక, ఇంజను శక్తిని చక్రములకు అందిస్తుంది. ఈ రెండు బాధ్యతలను ఒక్కటిగా గ్రహించిన వారికే దాని మార్పిడిలోని మెలకువలు బోధపడతాయి.

నెల్లూరు నుండి బుచ్చిరెడ్డిపాళెం మీదుగా ఆత్మకూరు పోవు దారిలో, పెన్నా ఒడ్డున సంగం ఉన్నది. అక్కడి బ్యారేజీ 2022 సెప్టెంబరులో ప్రారంభమైనది. వరి పండే ఇట్టి ప్రాంతములో కోతల కాలమున ధాన్యపు బస్తాలను మిల్లులకు చేర్చు పని పికప్పులపై పడుతుంది. కాలువగట్ల గుంటలలో, అధిక భారముతో తిరిగే బండికి మొదట అలసిపోయేది వెనుక ఇరుసే. ఒక్క బండితో కుటుంబమును పోషించుకొను యజమానికి కొత్త ఇరుసు ధర మోయరాని భారము. అందుచేత అతడు పాత సామాను దుకాణమును ఆశ్రయిస్తాడు. ఇది తప్పు కాదు. కాని చూడవలసినవి చూడక కొన్న పాత ఇరుసు, ధనముతో పాటు ప్రాణమునకు కూడ ముప్పు తెస్తుంది.

నిర్మాణము: ఇరుసు పెట్టె నడుమ ఒక చిన్న పినియన్, దానితో కలిసి తిరిగే పెద్ద క్రౌన్ చక్రము ఉంటాయి. మలుపులో బయటి చక్రము ఎక్కువ దూరము, లోపలి చక్రము తక్కువ దూరము తిరుగవలెను. ఈ వ్యత్యాసమునకు వీలు కల్పించేది డిఫరెన్షియల్. దాని ఇరువైపుల నుండి రెండు షాఫ్టులు చక్రములకు పోతాయి. కొన్ని బండ్లలో షాఫ్టు చక్రమును తిప్పుటకే పరిమితము. బరువును పెట్టె మోస్తుంది. మరికొన్నింటిలో షాఫ్టే బరువును కూడ మోస్తుంది. ఈ రెండవ రకములో షాఫ్టు విరిగితే చక్రమే ఊడిపోయే ప్రమాదము కలదు.

నిష్పత్తి: క్రౌన్ పళ్లను పినియన్ పళ్లతో భాగించగా వచ్చునది నిష్పత్తి. ఉదాహరణకు 41 పళ్లకు 10 అయితే 4.1, 39 పళ్లకు 8 అయితే 4.875. మొదటిదాని స్థానములో రెండవది బిగిస్తే, అదే వేగమునకు ఇంజను సుమారు 19 శాతము ఎక్కువగా తిరుగవలెను. ఇంధనపు ఖర్చు పెరుగుతుంది. గేరుబాక్సు నుండి నడిచే స్పీడోమీటరు, బండి గంటకు 50 కిలోమీటర్లు పోవుచుండగా 59 అని చూపుతుంది. నిష్పత్తి తగ్గితే లాగుడు శక్తి తగ్గి, క్లచ్చిపై భారము పడుతుంది. నాలుగు చక్రములకూ శక్తి అందే బండిలో ముందు, వెనుక నిష్పత్తులు సమానముగా ఉండి తీరవలెను.

పెట్టెను విప్పకుండనే దీనిని కనుగొనవచ్చును. ఒక చక్రమును కదలకుండ పట్టి, రెండవదానిని సరిగా రెండు చుట్లు తిప్పి, పినియన్ ఎన్ని చుట్లు తిరిగినదో లెక్కించవలెను. నాలుగు చుట్లు దాటి మరి కొంచెము తిరిగితే 4.1, ఐదు చుట్లకు కొద్దిగా తక్కువైతే 4.875.

కొనుటకు ముందు: ఆయిలును కొంత తీసి చూడవలెను. అయస్కాంతమునకు అంటిన మెత్తని పొడి సహజము. లోహపు పెచ్చులు, పంటి ముక్కలు అపాయ సూచనలు. ఆయిలు పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీరు చేరినదని అర్థము. 2021 నవంబరులో పెన్నా వరదలను చూచిన జిల్లాలో ఈ పరీక్షను ఉపేక్షించరాదు. పెట్టె వంగినదా, అతుకులు వేసినదా అని గమనించవలెను. కమాను కట్టల పీటల మధ్య దూరము, బ్రేకు కొలతలు, చక్రపు బోల్టుల అమరిక పాతదానితో సరిపోవలెను. క్రౌన్, పినియన్ ఒకే జతగా అరగదీసి తయారైనవి. ఒక ఇరుసు క్రౌనును వేరొక ఇరుసు పినియన్‌తో కలుపరాదు. ఇరుసు ఏ బండిదో తెలుపు రశీదును తప్పక తీసుకొనవలెను. దొంగసొత్తును తెలిసి కొనుట నేరము.

బిగింపు: ముందు చక్రములకు అడ్డు పెట్టి, ఛాసిస్‌ను దృఢమైన స్టాండులపై నిలుపవలెను, జాకీని మాత్రమే నమ్మి క్రింద దూరరాదు. ప్రొపెల్లర్ షాఫ్టును విప్పుటకు ముందు గుర్తు పెట్టుకొని, తిరిగి అదే గుర్తుకు బిగించవలెను. ఇరుసు పాతదైనను ఆయిల్ సీళ్లు, యు బోల్టులు కొత్తవి వేయవలెను. బేరింగులు, బ్రేకు లైనింగులు అరిగి ఉంటే మార్చవలెను. పెట్టెపై గాలి పోయే రంధ్రము మూసుకుంటే, వేడికి పెరిగిన ఒత్తిడి ఆయిలును సీళ్ల గుండా బ్రేకులపైకి నెడుతుంది. కావున దానిని శుభ్రపరచవలెను. తయారీదారు సూచించిన గేరు ఆయిలును నింపి, బ్రేకు గొట్టములలోని గాలిని తీసివేసిన పిమ్మటనే బండిని కదలించవలెను. కొత్త తరపు బండ్లలో చక్రముల వద్ద సెన్సర్లు ఉంటే వాటిని కూడ మార్చి అమర్చవలెను.

పరీక్ష: కొద్ది దూరము ఖాళీగా నడిపి, చక్రపు నడిమి భాగములలో ఏదైన అసాధారణముగా వేడెక్కినదా, ఆయిలు కారుచున్నదా అని చూడవలెను. ‘కందెన వేయని బండికి కావలసినంత సంగీతం’ అన్నది సామెత. యాక్సిలరేటరు తొక్కినపుడు, వదిలినపుడు మారే ఊళ తరచు పళ్ల కూర్పులోని లోపమును, వేగముతో పాటు పెరిగే గరగర శబ్దము బేరింగు అరుగుదలను సూచిస్తాయి. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగిన పిదప యు బోల్టులను మరల బిగించవలెను.

ఇరుసు మార్చినంత మాత్రమున బండి మోయగల బరువు పెరగదు. మొదటి ఇరుసును విరిచిన అధిక భారమే రెండవదానిని కూడ విరుస్తుంది. ‘మరమ్మతు’, ‘పుర్జా’, ‘కమాను’ అను మాటలు ఉర్దూ నుండి మన కార్ఖానాలకు వచ్చి తెలుగు మాటలైనవి. మాటలు ఎక్కడ నుండి వచ్చినను మన నాలుకకు ఇమిడినట్లు, పరాయి బండి ఇరుసు కూడ మన బండికి ఇమిడిపోగలదు. కాని కొలత కుదిరినప్పుడే. ఆ కొలతను ఓపికతో చూచుట వృత్తి ధర్మము. అది బండిని నమ్ముకున్న కుటుంబమునకే గాక, అదే దారిన నడిచే వారందరికీ రక్షణ.